నా ఎలుకలకు జబ్బు రాలేదు

మంగళవారం

మనిషి మెదడు కణితి కణాలను ఎలుకలకు ఎక్కించి, కణితి పెరుగుతుందా అని సునీతా నేనూ రోజూ చూస్తున్నాం. ఈరోజు ఆమె ఎలుకలు తల ఒక పక్కకు వాల్చేశాయి. కణితి పెరిగిందన్నమాట. ల్యాబంతా ఆమె చుట్టూనే. నావేమో హాయిగా గింజలు కొరుకుతున్నాయి. వాటి ఆరోగ్యం చూస్తే ఒళ్లు మండింది.

"నువ్వు సూది బిరీన పీకేస్తుండావక్కా. కణాలు సూది ఎంటే బయటికొచ్చేస్తాయి. రోంతసేపు అట్నే పెట్టుకోనుండాల," అంది సునీత. నిన్నగాక మొన్న చేరిన పిల్ల నాకు నేర్పుతోంది. "సరేలేమ్మా" అని నవ్వాను.

ఇంటికొస్తుంటే తిరుచానూరులో గుడి కనబడగానే అలవాటుగా చేతులు జోడించాను. నా ఎలుకలకు జబ్బు రావాలని అమ్మవారిని అడిగాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. సునీత ఎలుకలకు నయం కావాలని కూడా అడిగాను.