ఆకాశం లేని పొలం గురించి నీకొచ్చిన ఉత్తరాలు

సుజాతా, నేనే, అన్నయ్యని. నువ్వు పోయి ఎనిమిది నెలలైంది. ఇక్కడ అందరం బాగున్నాం అని రాయాలి కదా... రాయను. అమ్మ బాగాలేదు. నేనూ బాగాలేను. నాకు కోపంగా ఉంది.

ముందు నీకు ఉత్తరాలు రాసినవాళ్ల మీద.

నీ ల్యాప్‌టాప్‌ను అమ్మ నీ చీరల మధ్య పెట్టి బీరువాకు తాళం వేసింది. మూణ్ణెల్లు ఎవరం ముట్టుకోలేదు. ఒక ఆదివారం షాపు తెరవకుండా ఇంట్లో కూర్చుని దాన్ని తెరిచాను. పాస్‌వర్డు నీ నోటుబుక్కు వెనక అట్ట మీదే ఉంది. మెయిలు నిండా చదవని ఉత్తరాలు... వీడియో గేముల మీద నువ్వు బ్లాగులో రాసిన వ్యాసాలు చదివినవాళ్లవి. అన్నీ నువ్వు పోయాక వచ్చినవే.

సగం మంది నిన్ను 'సర్' అన్నారు. పొడి అక్షరాలతో సంతకం చేస్తే ఆడపిల్లవని ఎవరికి తెలుస్తుంది? వాళ్లందరికీ జవాబు రాశాను. ఆమె సర్ కాదు, మా చెల్లెలు, విజయనగరంలో లెక్చరరు, జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది అని.

శృంగవరపుకోట నుంచి ఒక టీచరమ్మ రాసింది. తుపాకుల ఆటల మీద నీ వ్యాసం చదివాక పిల్లల ఫోన్లు లాక్కోవడం మానేసి, ఆ ఆటలో మీకేం నచ్చిందో రాయండి అని అడిగిందట. ఆ ఏడాది పిల్లలు అంత నిజంగా రాసింది మరేదీ లేదట. చదివి పళ్లు కొరికాను. ఈ ముక్క ఎనిమిది నెలల ముందు రాస్తే ఈవిడ చేతులు అరిగిపోయేవా?

తర్వాత తెలిసింది... ముందూ రాశారు, చాలామందే. నువ్వు ఆ ఉత్తరాలన్నీ వేరే ఫోల్డరులో పెట్టుకున్నావు. మాకెందుకు చెప్పలేదు?

చెప్పావులే. గుర్తొచ్చింది.

రాష్ట్రం విడిపోయిన ఏడాది. రాత్రి భోజనాల దగ్గర ఫోను చేతిలో పట్టుకుని అన్నావు. "అన్నియ్యా, నా యాసం సదివి బెంగులూరు నుంచి ఒకాయన ఉత్తరం రాసాడు. సదవమంటావేటి?" ఆటల గురించేనా అన్నాను నేను. అని టీవీ సౌండు పెంచాను. నువ్వు కంచం కడుక్కుని వెళ్లిపోయావు. ఇంకెప్పుడూ అడగలేదు.

ఆ ఉత్తరం ఇప్పుడు చదివాను సుజాతా.

అప్పట్లో కంప్యూటర్లలో అందరూ ఆడేవారే, పొలం దున్ని పంట కోసే ఆట... దాని మీద రాశావు. ఆ ఆటలో వేసిన ప్రతి గింజా మొలుస్తుంది, ఎందుకంటే ఆ తెర మీద ఆకాశమే గీయలేదు అన్నావు. మన షాపులో పారలు కొనడానికి వచ్చి, బేరం మధ్యలో గుమ్మం దాకా వెళ్లి మబ్బు చూసి వచ్చే రైతుల గురించి రాశావు. పైకి చూడాల్సిన అవసరం లేని వ్యవసాయం ఎవరి కల అని అడిగావు. ఉత్తరం రాసినాయన అలాంటి ఆటలకు బొమ్మలు గీస్తాడు. సొంతూరు మన రామతీర్థం దగ్గరే. వ్యాసం చదివిన సాయంత్రం వాళ్ల నాన్నకు ఫోన్ చేసి, మనకి వాన పడిందా అని అడిగాడట. ఉద్యోగంలో చేరాక ఆ మాట అడగడం అదే మొదలట.

ఇది వినడానికి నాకు ఓపిక లేకపోయింది. వార్తల్లో ఆ రోజు ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తుందా నాకు?

ఇక మీ డిపార్టుమెంటు హెడ్డుగారు. ఆయన్నయితే క్షమించను.

మొన్న పక్క జిల్లా యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసరమ్మ మీ కాలేజీకి రాసింది. నీ పొలం వ్యాసాన్ని తన విద్యార్థులకు పాఠంగా చెబుతోందట, రచయిత్రి వివరాలు కావాలట. అంతే, మర్నాడే హెడ్డుగారు గజపతినగరంలో మన షాపుకొచ్చి రంగు డబ్బాల మధ్య కూర్చున్నాడు. నీ వ్యాసాలు పుస్తకం వేస్తాడట. ముందుమాట తనదట. మొదటి నుంచీ నిన్ను ప్రోత్సహించింది తనేనట! సంస్మరణ సభకు నన్ను రమ్మన్నాడు.

వెళ్లాను. ఫ్లెక్సీ మీద నీ ఫొటో కింద ఏం రాశారో తెలుసా? 'ఆటపాటల పరిశోధకురాలు'. ఆటపాటలు! నువ్వుంటే పగలబడి నవ్వేదానివి. నాకు నవ్వు రాలేదు.

హెడ్డుగారు అరగంట మాట్లాడాడు. తర్వాత నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. నా జేబులో నీ పొలం వ్యాసం ఉంది, సెమినారుకని నువ్విస్తే ఆయన తిప్పి పంపిన కాపీ. ఎర్ర సిరాతో ఆయన రాసిందే మైకులో చదివాను. ఇది పిల్లల వ్యవహారం, పరిశోధన కాదు. కింద సంతకం కూడా ఎవరిదో చదివాను.

అంతటితో దిగలేదు. నీ వ్యాసం మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. నా యాసకి వెనక వరసల్లో నవ్వారు. నవ్వనీ. షాపులో సరుకు చెప్పే గొంతుతోనే చదివాను. ప్రిన్సిపాలుగారు మధ్యలో చీటీ పంపారు. జేబులో పెట్టుకున్నాను. ఆకాశం దగ్గరికి వచ్చేసరికి హాల్లో ఎవరూ నవ్వడం లేదు. కిందికి దిగాక ఒకమ్మాయి వచ్చి కాపీ అడిగింది. ఇచ్చాను. హెడ్డుగారు అప్పటికే వెళ్లిపోయాడు.

ఆయన పుస్తకం వద్దని రాతపూర్వకంగా చెప్పేశాను. నేనే వేయిస్తాను. ముందుమాట ఉండదు. నీకొచ్చిన ఉత్తరాలు, రాసినవాళ్లు ఒప్పుకుంటే, చివర్న ఉంటాయి.

నీ మీదా కోపమే. ఆ రోజు టీవీ ఆపి నా మీద అరవొచ్చు కదే? "ఆడేవోడు ఏటి సేస్తన్నాడో సూడకుండా ఆట సెడ్డదని ఎలా సెప్తారు అన్నియ్యా?" అని ఒకసారి అడిగావు. పదిసార్లు అడగొచ్చు కదా... నేను మొద్దునని నీకు తెలీదా?

నీ ఆఖరి వ్యాసం దొరికింది. ఆటలో ఓడిపోవడం గురించి. మూడు పేజీలే ఉంది. 'ఓడినవాళ్లు మళ్లీ మొదలుపెట్టేది గెలుస్తామన్న ఆశతో అనుకుంటాం, కానీ' అని ఆగిపోయింది. జ్వరం వచ్చిన రోజుది.

ఆ ప్రొఫెసరమ్మ మంచిదే. కావాలంటే తన విద్యార్థులతో పూర్తి చేయిస్తానంది. వద్దన్నాను. ఆ 'కానీ' తర్వాత ఎవరినీ ఒక్క అక్షరం రాయనివ్వను. అక్కడే ఆపి, కింద పేజీ ఖాళీగా వదిలి అచ్చు వేయిస్తాను. చదివినవాళ్లకి కూడా కోపం రావాలి.

మాటిస్తున్నాను.

అన్నయ్య