శ్రుతి కోసం ఆగిన పద్యం

గుణదల హాస్టల్ నుంచి

తాతయ్యా, నీ రుచిత ఒంట్లో బాగానే ఉంది, వేళకి తింటోంది.

ఏమైందని అమ్మమ్మతో ఫోన్ చేయించావు. నీకు వినపడేలా అమ్మమ్మ అరిచి చెబితే వీధంతా వింటుంది. అందుకే ఈ కార్డు.

ఆ నాటక సంస్థవాళ్లు ఏడాది శిక్షణకు మా కాలేజీ నుంచి ఒక్కరినే తీసుకున్నారు. అది నేను కాదు. పద్యం మర్చిపోలేదు తాతయ్యా. స్టేజీ ఎక్కి, మన ఊరి నాటకాల్లోలాగే ఎడమ పక్కకు తిరిగి నీ హార్మోనియం కోసం ఆగిపోయాను. అక్కడ అది ఉండదని ముందే చెప్పారు. అయినా నువ్వు శ్రుతి ఇవ్వకుండా నేనెప్పుడు పద్యం ఎత్తుకున్నాను? "గుర్తు రావట్లేదా అమ్మా? పర్లేదు, కూర్చో" అన్నారు ఎంపిక చేసే పెద్దాయన, మెత్తగానే. కాదండీ అని చెప్పకుండానే వచ్చి కూర్చున్నాను. నా తర్వాత మా కాలేజీ కిరీటి ఫోన్లో శ్రుతి పెట్టుకుని పాడాడు. వాణ్నే తీసుకున్నారు. బాగా పాడాడు కూడా.

అమ్మమ్మ మోకాళ్లకు తైలం కొన్నాను, శనివారం తెస్తాను. నా గజ్జెలు ఎవరడిగినా ఇవ్వొద్దని చెప్పు. పెంకులు మార్పించారా, ఇంకా కురుస్తోందా?

చెవులు పోయాక నువ్వు హార్మోనియం అటకెక్కించావట. దాన్ని దింపించు. నా శ్రుతి ఏ మెట్టో నీ వేళ్లకు తెలుసు. మీ ఇద్దరికీ దణ్ణాలు పెట్టి నీ ముందు కూర్చుంటాను, నువ్వు ఆ మెట్టు నొక్కు. నీకు వినపడకపోయినా నాకు వినపడుతుంది.

రుచిత