తెవా పెద్దదా, చిన్నదా

వినుకొండలో అక్కకు సలాములతో రజియా రాస్తున్నది.

నేను ఇక్కడ కులాసా. నువ్వు, అమ్మ, నాన్న, నానమ్మ కూడా కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. నానమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నాన్న మళ్ళీ దూది బస్తాలు తనే ఎత్తుతున్నాడా? ఎత్తనివ్వకు. అమ్మను ఫోన్లో ఏది అడిగినా "బాగానే ఉన్నాం" అంటుంది. అందుకే నిన్ను అడుగుతున్నాను.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నువ్వు అనుకుంటావు. నువ్వు నా ఫోన్ ఎత్తడం లేదు కదా. వాయిస్ మెసేజ్‌లు పెడితే వినకుండా వదిలేస్తున్నావు. కాగితమైతే నువ్వు చదవకుండా ఉండలేవు. బజ్జీలు చుట్టి ఇచ్చిన కాగితం కూడా విప్పి, నూనె మరకల మధ్య చదివేదానివి. నాతో ఇక్కడ స్కూల్లో పనిచేసే లెక్కల సార్ సెలవుకి ఇంటికి వెళ్తున్నారు, ఆయనది మార్టూరు. అక్కడ పోస్టు చేస్తానన్నారు.

ఇక్కడ వానలు మొదలై చాలా రోజులైంది. మన వాన లాంటిది కాదు. మనకు ముందు మబ్బు పడుతుంది, మట్టి వాసన వస్తుంది, పిల్లలు కేకలు పెడతారు, అప్పుడు వాన. ఇక్కడ సముద్రం మీద ఒక బూడిదరంగు గోడ లేచి నడిచి వస్తుంది, అంతే. గాలి ఎక్కువైతే ఫెర్రీ ఆపేస్తారు. ఫెర్రీ రాకపోతే కూరగాయలు రావు. దీవి ఎంతని? ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి వచ్చేసరికి కడిగి బోర్లించిన గిన్నె కూడా ఆరదు. లెక్కల సార్‌కి ఇక్కడ ఒకటే బాధ. "ఏమ్మా రజియా, ఈ మాల్దీవుల్లో రాయన్నదే లేదమ్మా, ఎటు చూసినా ఇసుకే. మా ఊళ్ళో పొద్దున లేస్తే రాయి కోసే మిషన్ల మోతే. ఆ మోత లేక నాకు నిద్ర పట్టట్లా" అంటారు.

పిల్లలు మంచివాళ్ళు. నేను గట్టిగా మాట్లాడలేనని మొదట్లో వెనక బెంచీల వాళ్ళు వినేవాళ్ళు కాదు. ఇప్పుడు వాళ్ళే ముందుకు జరిగి కూర్చుంటున్నారు. తిండి గురించి అమ్మకు బెంగ వద్దని చెప్పు. పొద్దున రొట్టెలోకి కొబ్బరికోరు, చేప, ఉల్లిపాయ కలిపి పెడతారు. మధ్యాహ్నం చేపపులుసు, అన్నం. అన్నీ చేపే. అలవాటైంది. కాకపోతే కారం కారంలా ఉండదు. సార్ తిరిగి వచ్చేటప్పుడు కొద్దిగా పండుమిరప పచ్చడి పంపగలవా? నువ్వు నూరిందైతే బాగుంటుంది. కోపం తగ్గాకే నూరు, లేకపోతే ఉప్పు ఎక్కువ పడుతుంది.

అసలు సంగతికి వస్తాను.

నీకు కోపం ఎందుకో నాకు తెలుసు. మన నక్షత్రాల ఓడల కథలో ఆఖరి పుస్తకం నేను ఒక్కదాన్నే చదివేశాను. దొరికితే ఇద్దరం కలిసే చదవాలని అనుకున్నాం. మా కాన్వెంటు లైబ్రరీలో ఆ వరసలో పుస్తకాలన్నీ ఉండి, చివరిది ఒక్కటే లేదు. గుంటూరులో పాత పుస్తకాల కొట్లన్నీ తిరిగినా దొరకలేదు. అది ఈ సముద్రం మధ్యలో దొరుకుతుందని ఎవరనుకుంటారు? పక్క దీవిలో రిసార్టు ఉంది. అక్కడ బస చేసినవాళ్ళు వదిలేసి పోయిన పుస్తకాలు అట్టపెట్టెల్లో మా స్కూలుకి పంపుతారు. పెట్టె సర్దమని నాకు అప్పజెప్పారు. వంట పుస్తకాల కింద అది కనిపించింది. అట్ట తడిసి ఉబ్బింది. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

నీకు ఫోన్ చేసి చెప్పి ఉండాల్సింది. అప్పుడు గాలివాన, సిగ్నల్ లేదు, స్కూలు కూడా మూశారు. అది సాకే. సిగ్నల్ వచ్చేదాకా ఆగగలిగేదాన్ని. ఒక్క పేజీ చూసి మూసేద్దామనుకున్నాను. మూయలేదు.

సంతోషంగా చదివానని మాత్రం అనుకోకు. మన వసారా గుర్తొచ్చింది. నువ్వు పరుపు మీద వంగి దబ్బనంతో కుట్లు వేస్తుంటే, నేను గోడకి ఆనుకుని ఇంగ్లీషు చూసి తెలుగులో చెప్పేదాన్ని. నీ జుట్టు నిండా దూది. ఒక్కో అధ్యాయం ఒక్కో మనిషి పేరు మీద ఉంటుంది కదా, నువ్వు కూర్చోగానే అడిగేదానివి.

"ఇవాళ ఎవరి వంతే?"

"సేనాపతిది."

"వాడా? వాడు నోరు తెరిస్తే నాకు నిద్దరొచ్చిద్ది. వాణ్ణి దాటెయ్."

"దాటేస్తే తర్వాత అర్థం కాదక్కా."

"అర్థం కాకపోతే నేనే అడుగుతాగా. ముందు ఆ దీపం పిల్ల సంగతి చెప్పు."

ఇక్కడ దాటెయ్ అనేవాళ్ళు లేరు. సేనాపతి వంతులన్నీ వరసగా చదివాను. చివరికి ఆయన మంచివాడే అక్కా. మనం అనవసరంగా తిట్టాం.

చదవడం అయ్యాక నీకు ఫోన్ చేశాను. "ఏం చేశావే అంత వానలో?" అన్నావు. నేను చెప్పాను. తర్వాత "అయితే అయిపోయిందన్నమాట. సరేలే, కొట్లో మనిషొచ్చాడు" అని పెట్టేశావు. ఆ వేళకి మన పరుపుల కొట్లోకి ఎవరూ రారు. నాన్న నమాజుకి పోయి షట్టరు సగం దించి ఉంటుంది. నాకు తెలియదా?

అప్పటికి నా తప్పు అంతేననుకున్నాను. తర్వాత ఇంకొకటి తెలిసింది. దాని కోసమే ఈ ఉత్తరం.

నాతో గదిలో ఉండే టీచరు ఆయిషత్ ఈ దేశపు అమ్మాయే. నేను దిగులుగా ఉన్నానని ఆ కథ చెప్పమంది. చెప్పాను. మనుషులుండే లోకాలన్నీ ఒక్కొక్కటే చల్లబడిపోవడం, ఓడలన్నీ కట్టకట్టుకుని నక్షత్రాల అవతలకి బయలుదేరడం, ఓడ నడిపే ఇర్నా వెళ్ళిపోవడం, ఆమె తోబుట్టువు తెవా ఒంటరి స్థావరంలో దీపం చూసుకుంటూ ఉండిపోవడం. ఆ దీపం ఆరితే వెనక వచ్చే ఓడలకు దారి తెలియదు. అంతా విని ఆయిషత్ ఒకటే అడిగింది. "వీళ్ళిద్దరిలో దత్తా ఎవరు, కొక్కో ఎవరు?" వాళ్ళ భాషలో దత్తా అంటే అక్క. కొక్కో అంటే చిన్నవాళ్ళు. మనలాగే వాళ్ళకీ ఈ పట్టింపు ఉంది.

"ఉండిపోయింది అక్క" అన్నాను.

"పుస్తకంలో ఉందా?"

"ఉండే ఉంటుంది. పెద్దది కదా ఉండిపోయేది."

ఆయిషత్ నవ్వింది. "ఎవరు చెప్పారు? మా ఇంట్లో దత్తానే ముందు రాజధానికి వెళ్ళింది. మా అమ్మ దగ్గర ఉన్నది నేను" అంది.

నేను పుస్తకం మళ్ళీ తెరిచాను. ఎక్కడ చూసినా సిస్టర్ అనే ఉంది. ఇర్నా మాటల్లో మై సిస్టర్, తెవా మాటల్లోనూ మై సిస్టర్. నువ్వొకసారి మా కాన్వెంటు సిస్టర్లను చూసి అన్నావు, గుర్తుందా? "మీ బళ్ళో అందరూ సిస్టర్లేనా? మరి పెద్ద సిస్టరెవరో చిన్న సిస్టరెవరో ఎట్టా తెలిసిద్దే?" అని. అప్పుడు నవ్వుకున్నాం.

చివరి అధ్యాయాల్లో ఒకచోట తెవా స్థావరంలో ఒంటరిగా నడుస్తూ అనుకుంటుంది: ఈ నడవాలోనే ఇర్నా వేలు పట్టుకుని నేను నడక నేర్చుకున్నాను అని. ఒక్క వాక్యమే. మొదటిసారి చదివినప్పుడు నా కళ్ళు దాని మీదుగా వెళ్ళిపోయాయి. నా తలలో తెవా అంత గట్టిగా పెద్దదైపోయింది.

తెవా చిన్నది అక్కా. వెళ్ళిపోయింది పెద్దది.

మొదటి పుస్తకంలో ఇర్నా "నా సిస్టర్ ఉండిపోయింది" అన్నచోట, నేను క్షణం కూడా ఆలోచించకుండా "వాళ్ళక్క ఉండిపోయింది" అని చెప్పాను. తెలుగులో ఏదో ఒకటి చెప్పాలి కదా. తోబుట్టువు అంటే పాఠంలా ఉంటుంది. చెల్లి అని కూడా అనవచ్చు, కానీ నా నోటికి అక్క అనే వచ్చింది. ఎందుకు వచ్చిందో ఇప్పుడు ఆలోచిస్తున్నాను. నేను కాన్వెంటు యూనిఫాం విప్పకుండానే కూర్చుని చదువుతున్నాను. నువ్వు పదో తరగతి అయ్యాక కొట్లో కూర్చున్నావు. ఎదురుగా దబ్బనం పట్టుకుని ఉన్నది నువ్వు. వేరే మాట ఎలా వస్తుంది?

నువ్వు కుట్టడం ఆపి అన్నావు, "పెద్దదిగా మరి. ఉండిపోక ఏం చేసిద్ది?" ఆ రోజు నుంచి తెవా నీ మనిషి అయిపోయింది.

గుంటూరులో డ్రెస్ డిజైనింగ్ కోర్సు సీటు వచ్చినప్పుడు నాన్న "పోయిరామ్మా, కొట్టు సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. "నేను పోతే నీ దబ్బనంలో దారం ఎవరెక్కిస్తారు?" అన్నావు నువ్వు. నేను వెళ్ళమని అన్నాను, మెల్లగా. నువ్వు నా వైపు తిరిగి, "తెవా పోయిందా ఏందే? పెద్దది పోతే దీపం ఎవరు చూస్తారు?" అన్నావు. నేను నవ్వాను. మనిద్దరికే తెలిసిన మాట అని సంబరపడ్డాను కూడా. ఆ సీటు ఎవరికి పోయిందో మనకు తెలియదు.

ఇది చదివి నువ్వు, ఒక కథ విని ఎవరైనా ఉండిపోతారటే, పిచ్చిదానా అంటావని నాకు తెలుసు. నాన్నకు తగ్గుతున్న చూపు, కొట్టు, నానమ్మ, ఇవన్నీ ఉన్నాయి. నువ్వు అవే లెక్కలోకి తీసుకుని ఉంటావు. అయినా ఆ రోజు నీ నోటి నుంచి వచ్చింది నాన్న చూపు కాదు, తెవా. నేను తప్పు చెప్పిన తెవా. పుస్తకం ఏ మాటా చెప్పకుండా వదిలేసిన చోట నేను నిన్ను కూర్చోబెట్టాను. ఇప్పుడా సీటు గురించి నిన్ను ఏమీ అడగను. ఇంత దూరం వచ్చేసి నీకు సలహాలు చెప్పే హక్కు నాకు లేదు. తెలిసింది కాబట్టి చెప్తున్నాను. తెలిసీ దాచుకుంటే ఇంకా బాధ.

మొన్న శుక్రవారం అమ్మ ఫోన్ చేసింది. తిన్నావా, వాన తగ్గిందా అని అన్నీ అయ్యాక గొంతు తగ్గించి అడిగింది.

"ఏమే, తెవా అని ఎవరో అంటగా. బతికుందా అని మీ అక్క అడగమంటోంది. ఎవరే ఆ అమ్మాయి? మీ బళ్ళో పిల్లా? జ్వరమా ఏంటి పాపం?"

వెనక నుంచి నీ మాట వినపడింది. "నేనడగమన్నానని చెప్పొద్దన్నా కదమ్మా!"

నేను ఎంత నవ్వానో, తర్వాత అంత ఏడ్చాను. "బతికే ఉందమ్మా, బాగానే ఉంది" అన్నాను. అమ్మ "అల్లా దయ, మందులు సరిగ్గా వేసుకోమను" అంది.

అమ్మకు చెప్పిన ఆ ఒక్క ముక్క నీకు సరిపోదు. మొత్తం ఇదీ. దాటేయకుండా చెప్తున్నాను.

ఆఖరి అధ్యాయం తెవా వంతే. వెనక వచ్చే ఓడలన్నీ ఆమె దీపం చూసి ముందే దాటిపోయాయి. ఇంకెవరూ రావలసిన వాళ్ళు లేరు. ఆ సంగతి ఆమెకు చెప్పేవాళ్ళు లేక, ఏళ్ళ తరబడి దీపం తుడుస్తూనే ఉంది. చివరికి ఇర్నా పంపిన కబురు అందింది. దారి అంత దూరం కాబట్టి ఎప్పుడో పంపింది అప్పటికి చేరింది. ఆ కబురు పంపిన ఇర్నా ఇప్పుడు ఉందో లేదో పుస్తకం చెప్పలేదు. అందరం చేరాం, దీపం ఇంక చాలు, రా అని ఉంది. చివర సిస్టర్ అని పిలిచింది. అది నేను తెలుగులో ఎలా రాయాలో నాకు చేతకాలేదు. చెల్లీ అనే రాయాలి. నీ కోసం ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

తెవా దీపం ఆర్పింది. అరుగు మీద కూర్చుంది. వెళ్తే అక్కడ తనను గుర్తుపట్టేవాళ్ళు ఉంటారో లేదోనని ఆలోచించింది. తర్వాత లేచి తలుపు దాకా నడిచింది. తలుపు మీద చెయ్యి వేసింది. అక్కడితో పుస్తకం అయిపోయింది. ఆమె బయటికి వెళ్ళిందని రాయలేదు, వెళ్ళలేదనీ రాయలేదు. నేను పేజీ తిప్పి చూశాను. వెనక అట్ట ఒక్కటే ఉంది.

నాన్నకు నా సలాములు. నానమ్మను నమాజులో నా కోసం దువా చేయమని అడుగు. అమ్మకు తెవా ఎవరో చెప్పకు, పాపం నయమైందని చెప్పు చాలు. పిన్ని వాళ్ళందరినీ అడిగానని చెప్పు. మిరప నారు పోసే రోజులు కదా, దుమ్ములో తిరిగి దగ్గు తెచ్చుకోకు.

నా ఫోన్ ఎత్తక్కా. తిట్టడానికైనా ఎత్తు. తలుపు తీశాక తెవా ఏం చేసి ఉంటుందో నువ్వు చెప్తే వినాలని ఉంది.

నీ
రజియా