హాలండైజ్‌లో తోడు

ఫిబ్రవరి 24, మంగళవారం
ఈ రోజూ హాలండైజ్ సాస్ విరగలేదు. వేడినీళ్ల గిన్నె మీద గుడ్ల పచ్చసొన గిలక్కొడుతూ, కరిగిన వెన్న సన్నగా పోస్తూ... జబ్బలు లాగేస్తున్నాయి. మా కేఫ్ చెఫ్ మార్క్ వేలితో తీసి నాకి చూసి "గుడ్ హ్యాండ్స్" అన్నాడు. నేను రుచి చూడను. నలభై ఏళ్లొచ్చినా గుడ్డు నోట పెట్టలేదు. ఉప్పూ, నిమ్మరసమూ చేతి అంచనాయే. ఈ ట్రుగనీనా పేట మొత్తానికి గుడ్డు తినని గుడ్ల వంటమనిషివి నువ్వొక్కదానివే అని మా ఆయన ఎగతాళి.

ఫిబ్రవరి 26, గురువారం
ఎవరికీ చెప్పనిది ఇక్కడ రాస్తాను. చేసిన ప్రతి వాయిలోంచీ రెండు చెంచాలు తీసి, పొయ్యి పక్కన వెచ్చగా దాస్తాను. తర్వాతి వాయిలో కలుపుతాను — పాలకు తోడు వేసినట్టే. కేఫ్ మూసేటప్పుడు ఆ గిన్నె ఫ్రిజ్‌లోకి. మర్నాడు మళ్లీ అదే. మూడు వారాలైంది, ఒక్కసారీ విరగలేదు. అమ్మ తోడు గిన్నె ఏనాడూ ఖాళీ కానివ్వలేదు, నాకూ మనసొప్పదు. రెండు గంటలు దాటిన సాస్ పారెయ్యాలని మార్క్ రూలు. పారేస్తూనే ఉన్నాను కదా, ఆ రెండు చెంచాలు తప్ప...

మార్చి 1, ఆదివారం
కేఫ్‌కి కీర్తి వచ్చింది. మా వీధి చివరింటి కోడలు, ఏడో నెల. ఒక్కతే వచ్చింది. బ్రెడ్డు మీద గుడ్డు, దాని మీద ఆ పసుపుపచ్చ సాస్ కావాలట, వారం రోజులుగా అదే ధ్యాసట. "ఒక్కసారే అక్కా. అత్తమ్మకు చెప్పకు. మా ఇంట్ల గుడ్డు పేరెత్తితే అయిపాయె." ముద్దొచ్చింది. నేనే ఒక గరిటె ఎక్కువ పోశాను. ప్లేటు కడిగినట్టు తినేసింది.

మార్చి 3, మంగళవారం
కీర్తి హాస్పిటల్లో ఉంది. జ్వరం, వాంతులు, విరేచనాలు. వాళ్లాయన ఫోన్ చేశాడు — ఏం పడలేదో తెలీడం లేదు, అన్నీ ఇంటి వంటలే తింటది అక్కా, అని.

ఫోన్లో వెతికి చదివాను. సగం ఉడికిన గుడ్డు. వెచ్చగా ఉంచితే. గర్భిణులు... పాలు తోడుకుంటాయి. గుడ్డు తోడుకోదు, చెడుతుంది. ఇంత చిన్న విషయం నాకెందుకు తట్టలేదు? ఫోన్ బోర్లా పెట్టేశాను.

మార్చి 4, బుధవారం
పొద్దున్నే తోడు గిన్నె ఒంపేసి మూడుసార్లు తోమాను. సాస్ రెండుసార్లు విరిగింది. యూ ఓకే? అన్నాడు మార్క్. ఓకే అన్నాను.

సాయంత్రం హాస్పిటల్‌కి వెళ్లాను. బయటేమైనా తిన్నదా అని డాక్టర్ మళ్లీ అడిగింది. "మా కోడలు బయట ముట్టదు," అంది అత్తగారు, నిబ్బరంగా. కీర్తి నా వైపు చూసి, కళ్లతోనే వద్దంది. తన గుడ్డు సంగతి దాస్తున్నాననుకుంటోంది పిచ్చిపిల్ల. గిన్నె సంగతి దానికేం తెలుసు?

మిషన్‌లో బిడ్డ గుండె చప్పుడు. గబగబా, గబగబా. అది వింటూ నిలబడ్డానే గానీ నోరు విప్పలేదు. పాపిష్టిదాన్ని.

మార్చి 5, గురువారం
జ్వరం దిగలేదు. టెస్టులు ఇంకా రాలేదు.

చెప్తే ఆ ఇంట్లో కీర్తి మాట పడాల్సి వస్తుంది. నా ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే — రాయలేను.

మధ్యాహ్నం. వార్డుకు ఫోన్ చేశాను. ఆదివారం కీర్తి నా చేతి సాస్ తిన్నదని చెప్పేశాను. ఏమేం వేశారు? అంది నర్సు. గుడ్లు, వెన్న, నిమ్మరసం. ఎనీథింగ్ ఎల్స్?... ఉప్పు, అన్నాను. డాక్టర్‌ని పిలుస్తాను, లైన్‌లో ఉండండి అంది.

ఫోన్లో ఏదో పాట వస్తోంది. చెయ్యి ఊరుకోక ఇది రాస్తున్నాను. పెట్టేయొచ్చు. నా పేరూ, గిన్నె సంగతీ చెప్పలేదు ఇంకా.

పాట ఆగింది. ఎవరో హలో అంటున్నారు —