ఇద్దరమూ పట్టే కార్డు

చెల్లెలు హేమలతకు అక్క మారెక్క దీవించి రాయడమేమంటే, ఇక్కడ నేనూ, మీ బావా, నీ కూతురు ఆశ్రితా బాగానే ఉన్నాము. ఆ కువైట్లో నీ ఒళ్లు ఎలా ఉందో, ఆ ఇంటి మేడం వేళకు తిండి పెడుతోందో లేదో రాయి.

ఈ ఉత్తరం అంజినప్ప చేతికిచ్చి పంపుతున్నాను. లీవు అయిపోయి వచ్చేవారం మళ్లీ అక్కడికే వస్తున్నాడు. ఫోన్లో ఇవన్నీ చెప్పలేను. నీ ఫోను మోగితే చాలు, ఆశ్రిత నా కొంగు పట్టుకుని సెల్లుకు చెవి ఆనిస్తుంది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. శెనక్కాయ పంట ఈసారీ అంతంతే. ఊడలు దిగి కాయ కట్టే వేళకు వాన ముఖం చాటేసింది. తనకల్లు పక్క పడింది, మన చేలకు పడలేదు. నువ్వు పంపిన గౌను సరిపోయింది, బూట్లు పట్టలేదు. పిల్ల పెరగదా మరి? నువ్వు చూసినప్పటి కాళ్లేనా ఇంకా? ముందు పళ్లు రెండూ ఊడాయి. అన్నం బాగానే తింటోంది, నేను కలిపి పెడితేనే.

ఇక నువ్వు అంజినప్ప చేత పంపిన సీడీలో పాప నన్ను చూసిందా, ఏమంది అని అడిగావు. దానికే వస్తున్నాను, తొందరపడొద్దు.

అంజినప్ప తెచ్చిచ్చిన మరునాడే సీడీ పట్టుకుని కదిరి బస్టాండు దగ్గర బాలప్ప సెల్లు అంగడికి పోయాను. సీడీలో ఉండేవి కంప్యూటర్లోకి ఎక్కించి, అక్కడి నుంచి మన సెల్లు కార్డులోకి పంపిస్తాడు. తెరమీద నువ్వు వచ్చావు. తెల్లటి గచ్చు, ఏసీ గది, ఎర్రంచు చున్నీ వేసుకుని నవ్వుతున్నావు. నిజం చెబుతున్నాను హేమా, కడుపు మండింది. చిన్నప్పటి నుంచీ అంతే కదా. నీకేమో హేమలత అని ముద్దుగా పేరు పెట్టారు, నాకేమో అవ్వ పేరు తగిలించారు. రంగు నీకు, జడ నీకు. ఆఖరుకు దేవుడు బిడ్డనూ నీకే ఇచ్చాడు.

బాలప్ప చెయ్యి ఆపి, "అక్కా, కార్డు నిండిపోయి ఉండాది. ఏదన్నా తీసేస్తేనే ఇవి పడతాయి" అన్నాడు.

"మా ఆయన పాటలు తీసెయ్యప్పా."

"అవి పోయినసారే తీసేస్తిమి కదక్కా. ఇప్పుడుండేవన్నీ నువ్వూ పాపా దిగిన వీడియోలే. వాటిని నా కంప్యూటర్లో ఒక ఫోల్డర్ చేసి పెడతాలే. యాడికీ పోవు."

అవును, నావే. బడికి పోనని పాప ఏడ్చేది, నేను తల దువ్వేది, మేకపిల్లకు పాలు తాపేది, అన్నీ మీ బావ తీసినవే. వాటిని ఎవరి అంగట్లోనో పడేసి నిన్ను ఇంటికి తెచ్చుకోవాలా? "ఏమీ వద్దులేప్పా, సీడీ ఇట్లియ్యి" అని లాక్కుని వచ్చేశాను. ఇంటికొచ్చి పాపతో, "మీ అమ్మ సీడీకి గీతలు పడినాయంట, కనపడదంట" అన్నాను.

ఏడ్వలేదు. ఏడ్చినా బాగుండేది. ఆ సీడీని బడిసంచిలో పెట్టుకుని తిరిగింది. మొన్న సాయంత్రం నేను శెనక్కాయలు ఒలుస్తుంటే, అరుగు మీద కూర్చుని సీడీని ముఖానికి ఎదురుగా పట్టుకుని చూసుకుంటోంది.

"ఏం చేస్తాండావే?" అన్నాను.

"అమ్మ దీంట్లోనే ఉండాది కదా పెద్దమ్మా. చూస్తే నా మొగమే కనపడతాంది. అమ్మ ఇట్లే ఉంటాదా?"

నువ్వు పోయేటప్పటికి దానికి రెండేళ్లు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోటోనూ చెదలు తినేశాయి. నీ ముఖం ఎట్లుంటుందో బిడ్డకు తెలియదే! ఈ పాపం నాకెందుకని తెల్లారి మొదటి బస్సుకే కదిరికి పోయాను. నావి తీయించి నీవి ఎక్కించాను. "నీ ఫోల్డర్‌కు ఏం పేరు పెట్టాలక్కా?" అని బాలప్ప అడిగితే, "పెద్దమ్మ అని పెట్టప్పా" అన్నాను.

ఇప్పుడు నీ కూతురు సెల్లులో నిన్ను చూస్తూ నా చేతి ముద్ద తింటోంది. ముద్ద పెట్టే మనిషి వైపు ఒక్కసారీ తిరగదు. "అమ్మ నవ్వింది చూడు పెద్దమ్మా" అంటుంది. చూస్తున్నాను, చూడక చస్తానా!

ఇంకొక మాట దాచాను, అదీ చెప్పేస్తాను. ఆ మేకపిల్ల వీడియోలో పాప దాని మూతి పట్టుకుని, "తాగకుంటే మా అమ్మ కొడ్తాది చూడు" అంటుంది. అని నావైపు చెయ్యి చూపిస్తుంది. తీసిన మీ బావ కూడా పట్టించుకోలేదు. నేను మాత్రం పనులన్నీ అయ్యాక రోజూ అదొక్కటే పెట్టుకుని వినేదాన్ని. ఆ రోజు నీ సీడీని వెనక్కి లాక్కొచ్చింది అందుకే.

తిట్టాలనుంటే తిట్టు, పడతాను. నువ్వు వచ్చిన రోజు బిడ్డ నీదే, కాదనను. కానీ ఎవరు వస్తున్నా వాళ్ల చేత పెద్ద కార్డు ఒకటి పంపు. ఇక్కడ కొన్నవి ఊరికే చెడిపోతున్నాయి. గౌన్లు వద్దు, బూట్లు వద్దు. మనమిద్దరమూ పట్టే కార్డు చూసి పంపు.

ఇట్లు,
నీ అక్క, ఆశ్రితకు పెద్దమ్మ,
మారెక్క