పూరీమ్ నాటి గేటు డ్యూటీ

ప్రెస్ట్‌విచ్,
మంగళవారం.

రీటాకు,

ఇక్కడ నేనూ, ఎలియట్ వాళ్ళూ, షిఫ్రా అందరం కులాసా. అక్కడ నువ్వూ, మీ అక్కా, ఆవిడ కొత్త తుంటి ఎముకా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం శుక్రవారం అందింది. ఫోనుండగా ఈ ఉత్తరాలేమిటని మీ అక్క నవ్వుతోందన్నావు. ఫోనులో నువ్వు నన్ను మాట పూర్తి చెయ్యనివ్వవు. ఇవాళ పూర్తిగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది.

ముందు నీ ప్రశ్నలు. ఫ్రీజర్లో పెట్టి వెళ్ళిన సూపు అయిపోయింది. నువ్వు డబ్బాల మీద తేదీలు వేశావు గానీ నేను ఆకలిని బట్టి తిన్నాను. మోకాలు అలాగే ఉంది, వానలో నిలబడితే సలుపుతోంది. పస్కా పండగకు విడిగా వాడే గిన్నెలు అటక మీద నుంచి దించలేదు. నేను దించితే ఎలాగూ తప్పు గిన్నెలే దించానంటావు, నువ్వొచ్చాకే దించుదాం.

ఇక అసలు ప్రశ్న. ఎలియట్ షిఫ్రాను మన యూదుల బడి మాన్పించి, వాళ్ళ వీధి చివర బడిలో వేస్తానంటున్నాడు. “అక్కడ గేటు దగ్గర కాపలా లేదు నాన్నా, అవసరం లేదు గనక లేదు. ఎవరో దాడి చేస్తారని ఆరేళ్ళ పిల్ల బల్ల కింద దాక్కోవడం నేర్చుకోవాలా?” అంటాడు. నువ్వేమో “గేటు దగ్గర మీరుండగా దానికేం భయం? ఆ మాటే వాడికి గట్టిగా చెప్పండి” అని రాశావు. ఆ మాట నేను చెప్పలేదు.

గేటు దగ్గర నేనెలాంటివాణ్ణో నీకు తెలుసు. ఇరవై ఆరేళ్ళు బస్సు నడిపినవాణ్ణి. ఆ పసుపు కాపలా కోటు తొడిగానంటే మన చేత ప్రార్థనలు చేయించే రబ్బీగారినైనా సంచీ విప్పమంటాను. పోయిన నెల మిసెస్ ఆడ్లర్ పాపను తోసుకొచ్చే బండిలో దుప్పటి కూడా ఎత్తమన్నాను. “లోపల బాంబు లేదు హైమన్, తడిసిన లాగూ ఉంది. చూస్తావా?” అంది. చూస్తానన్నాను. చూశాను.

పూరీమ్ పండగంటే వేషాలూ, అందరికీ తినుబండారాలు పంచడాలూ కదా, ఆ రోజు ఒంటిపూట బడి. పిల్లలందరూ వేషాలు వేసుకొచ్చారు. పెద్దవాళ్ళు మాత్రం ముఖం కప్పుకుని రాకూడదని రూలు. ఇరవై మంది రాణులు, నాలుగు ఏనుగులు, ఒక పోస్టు డబ్బా లోపలికి వెళ్ళాయి. మన షిఫ్రా బస్సు డ్రైవరు వేషం కట్టింది, నా పాత టోపీ పెట్టుకుని. “టిక్కెట్టు చూపించు తాతయ్యా, లేకపోతే దిగు!” అని నా మీదే కేకలు.

తొమ్మిదిన్నరకు, వాన జోరుగా కురుస్తుండగా, ఒక రాజుగారొచ్చాడు. కిరీటం, దూది గడ్డం, రెండు చేతుల్లో పెద్ద బుట్ట, దాని నిండా గసగసాలు కూరిన మూడుమూలల బిస్కట్లు. “పండగ శుభాకాంక్షలు హైమన్! ఒకటో తరగతి పిల్లలకివి. చేతులు ఖాళీ లేవు, కాస్త తలుపు పట్టుకుంటావా?” అన్నాడు. నా పేరు కోటు మీదే రాసి ఉందన్న సంగతి తర్వాత తట్టింది. పూరీమ్ నాడు తినుబండారాలు పట్టుకొచ్చిన మనిషిని వానలో నిలబెట్టి నిలదీయడం నీకు చేతనవుతుందా? నాకూ కాలేదు. గడ్డం తియ్యమనలేదు. బుట్ట వెతకలేదు. తలుపు పట్టుకుని, పైగా “జాగ్రత్త, మెట్టు తడిగా ఉంది” అన్నాను.

రెండు నిమిషాలకు ప్రమాదం గంట మోగింది. ఎవరో తెలియని మనిషి ఆఫీసు బల్ల పక్కన బుట్ట వదిలేసి వెళ్ళిపోవడం చూసి, అక్కడ పనిచేసే బెర్నిస్ మీట నొక్కిందట. ఆ గంట మోగితే నా పని గేటుకు తాళం వేసి, రేడియోలో కబురు చెప్పి, అక్కడే నిలబడడం. శిక్షణలో మొదటి రోజే చెప్పారు, “ఆ కోటు ఒంటిమీదున్నంతసేపూ మీకు సొంత పిల్లలు లేరు, మనవలు లేరు” అని. అందరికంటే గట్టిగా తలూపింది నేనే.

ఇక్కడి నుంచి జరిగింది ఎలియట్‌కు కూడా చెప్పలేదు.

గేటు వదిలేశాను రీటా. ఈ మోకాలితోనే పరుగెత్తాను. లోపల, నేర్పినట్టే, గదుల తలుపులకు గడియలు వేసి దీపాలన్నీ ఆర్పేశారు. రెండు వందల మంది పిల్లలున్న బడిలో చిన్న చప్పుడు లేదు. ఒకటో తరగతి తలుపు బాదాను. “షిఫ్రా, నేనమ్మా, తాతయ్యను. తలుపు తియ్యి” అన్నాను. “నా బంగారం కదూ, ఒక్కసారి పలుకు, చాలు” అన్నాను. టీచరూ పలకలేదు, పిల్లా పలకలేదు. మళ్ళీ బాదాను. ఏడ్చాను కూడా, నీ దగ్గర దాపరికమెందుకు.

వెనక్కి తిరిగితే మూడడుగుల దూరంలో ఆ రాజు నిలబడి ఉన్నాడు. గడ్డం చేతిలో పట్టుకున్నాడు. “పరీక్ష హైమన్, పరీక్ష మాత్రమే” అన్నాడు. బడుల భద్రత చూసే మనవాళ్ళ సంఘం మనిషే, లీడ్స్ నుంచి వచ్చాడు. హెడ్‌మిస్ట్రెస్ మిసెస్ లాజరస్‌కు తప్ప ఎవరికీ తెలియదు. తర్వాత కాగితం మీద ఏదో రాసుకుంటూ, “ఒకటో తరగతి ఎక్కడో నాకు తెలియలేదు. నీ వెనకాలే వచ్చాను” అన్నాడు.

నాలుగు తిట్టినా బాగుండేది. లోపలికి రానిచ్చింది నేను. గది దాకా దారి చూపించింది నేను. ఆ తలుపు తియ్యమని బతిమాలింది కూడా నేనే.

మధ్యాహ్నం దాన్ని ఇంటికి తీసుకొస్తూ అడిగాను, నా గొంతు గుర్తుపట్టలేదా అని.

“పట్టాను.”

“మరి?”

“నువ్వే కదా తాతయ్యా మా క్లాసుకొచ్చి చెప్పావు! తాతయ్య పిలిచినా తియ్యొద్దు, తాతయ్య వెనకాల ఎవరున్నారో మీకు కనబడదు అని.”

నిజమే, చెప్పాను. బడి తెరిచిన కొత్తలో, పిల్లలు నవ్వాలని ముసలి గొంతు పెట్టి మరీ చెప్పాను.

“నువ్వు ఏడుస్తుంటే నాకు మాటొచ్చేస్తోంది. అందుకని ఇలా పెట్టుకున్నా” అని చెయ్యి చూపించింది. బొటనవేలి కింద ఎర్రగా పంటిగాట్లు. ముందుపళ్ళు ఊడినచోట మాత్రం ఖాళీ.

మిసెస్ లాజరస్ కోటు తీసేసుకుంది. శిక్షణ మళ్ళీ మొదటి నుంచీ, నెగ్గితేనే గేటు. న్యాయమే.

చేతికేమైందని ఎలియట్ అడిగితే పడ్డానని చెప్పిందట షిఫ్రా. నేను చెప్పమనలేదు, నన్ను కాపాడాలని తనకు తానే చెప్పింది. పెద్దవాళ్ళ తప్పు పిల్లలు కడుపులో దాచుకోకూడదు, ఇంట్లో చెప్పెయ్యాలి, ఇది కూడా మేము నేర్పే పాఠమే. నా కోసం ఆ పాఠం తప్పింది. అది నాకు తలుపు సంగతికంటే ఎక్కువ బాధగా ఉంది.

అందుకని ఈ ఉత్తరం పోస్టులో వేసి, నేరుగా ఎలియట్ ఇంటికి వెళ్తున్నాను. షిఫ్రా ఎదురుగానే అంతా చెప్తాను. గేటు దగ్గర నేనున్నాను గనక పిల్లను ఉంచమని మాత్రం అనను. నేను తప్పినా ఆ తలుపు తప్పలేదు, అందుకని ఉంచమంటాను. వాడు ఆ చెయ్యి చూపించి, ఆరేళ్ళ పిల్ల ఇది నేర్చుకోవాలా అని మళ్ళీ అడిగితే, నేనేం చెప్పాలి రీటా? నీకు తెలిస్తే వెంటనే రాయి.

నా టోపీ ఇంకా దాని దగ్గరే ఉంది. దాన్నే ఉంచుకోమంటాను.

ఇట్లు,
షిఫ్రా తాతయ్య,
హైమన్.