అడగకుండా నడిచిన బాట

ఎల్మ్‌కోట్,
ఏప్రిల్ రెండో ఆదివారం.

అత్తయ్యకు,

మీ కోడలు థెల్మా ప్రేమతో రాసే సంగతులు. ఇక్కడ నేనూ, మీ అబ్బాయి క్లైవూ, పక్కింటివాళ్లూ, వాళ్ల కోళ్లూ అందరం బాగానే ఉన్నాం. సముద్రగాలి మీకూ మీ చెల్లెలు ఓల్వెన్ గారికీ బాగా పడిందని రాశారు, సంతోషం. ఫోనులో ప్రతి మాటా రెండుసార్లు అరవాల్సి వస్తోంది కాబట్టి ఈసారి తీరిగ్గా ఉత్తరమే రాస్తున్నాను.

క్లైవ్ మోకాలు ఎలా ఉందని అడిగారు. గుట్ట ఎక్కమంటే నొప్పి, పబ్బుకు నడవమంటే నొప్పి లేదు. డాక్టరు కూడా దానికి పేరు పెట్టలేకపోయాడు. మీ రూబార్బ్ మొక్కను నేను చంపేస్తానని మీకు గట్టి నమ్మకం కదా, అది మోకాలెత్తు పెరిగింది. నిన్ననే ఆ పుల్లటి కాడలు కోసి, పిండి పొరలో పెట్టి ‘పై’ కాల్చాను. చక్కెర తక్కువైందని మీ అబ్బాయి అన్నాడు గాని, పళ్లెం మాత్రం నాకి పెట్టాడు.

ఇక పొడుగుచేను బాట ఏమైందని అడిగారు. ఫిబ్రవరిలో విచారణ అయిందని మాత్రం రాసి మిగతాది దాటేశాను. దానికో కారణముంది, ఆ మాటకే వస్తున్నాను. కాగితం తిప్పి చివర చూడకండి, మీ అలవాటు నాకు తెలుసు.

ముసలి బెవన్ పోయాక ఆ చేను కొన్న కార్‌వెల్ నిరుడు తిరుగుడు గేటుకు గొలుసు వేశాడని మీకు తెలిసిందే. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మిల్లు వైపు నడకగానీ, నీలిపూల అడవి నడకగానీ, గుట్ట మీది నడకగానీ, ఏది పట్టుకున్నా ముందు చర్చి వెనక ఆ గేటు దాటి, చేనుకు అడ్డంగా పడి, ఏటి వంతెన దగ్గర తేలాల్సిందే. ఆ ఒక్క బాట పోతే మన నడకలన్నీ దారం తెగిన పూసలే. మిగిలేది లారీల రోడ్డు. దానికి కాలు పెట్టే అంచు కూడా లేదు. చలికాలంలో లారీ మీదికొస్తుంటే మ్యూరియల్ గాఫ్ కంచెలోకి దూకి, ముళ్లన్నీ ఒంటికి తగిలించుకుని ఇంటికొచ్చింది. మీ అబ్బాయైతే నడకే మానేసి, కిటికీ దగ్గర కూర్చుని వానను తిట్టడం మొదలుపెట్టాడు.

అందుకే ఊరంతా కలిసి, ఆ బాట మాదేనని అర్జీ పెట్టుకున్నాం. చట్టం ఏమంటుందంటే, జనం ఇరవై ఏళ్లపాటు ఎవర్నీ అడక్కుండా, దాక్కోకుండా, అందరూ చూస్తుండగా నడిచిన బాట ఊరిదవుతుందట. అదే అడిగి నడిచారా, అది చేను ఆసామి దయ. దయ తలచినవాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు గేటు మూసుకోవచ్చు. మర్యాదస్థులకు బాట లేదు, మొండివాళ్లకు ఉంది. ఇదేం న్యాయమో నాకైతే అర్థం కాలేదు.

విచారణ రోజున ఊరి హాలు కిటకిటలాడిపోయింది. పైనుంచి వచ్చిన అధికారి ఒకావిడ. పొద్దున్నే ఆ బాటంతా తనే నడిచి చూసొచ్చింది, బూట్ల నిండా బురద. ఆ బురద చూడగానే ఆవిడంటే నాకు అభిమానం పుట్టింది. మన తరఫున మొదటి సాక్షి మ్యూరియల్, కొత్త టోపీ పెట్టుకుని కూర్చుంది. కార్‌వెల్ లాయరు తేనెలాంటి గొంతుతో అడిగాడు.

"ఇన్నేళ్లూ బెవన్ గారి చేలోంచి నడిచారు కదమ్మా, ఎప్పుడైనా ఆయన్ని అడిగారా?"

"అయ్యయ్యో, అడక్కుండా ఎలా వెళ్తామండీ! మేమేమన్నా అలాంటివాళ్లమా?" అంది మన మహాతల్లి.

పక్కనున్న క్లైవ్ "కొంప ముంచింది" అని గొణిగాడు. తర్వాత ఆల్ఫ్ ప్రాబర్ట్ లేచాడు. "మా అమ్మ మమ్మల్ని అలా పెంచలేదు సార్. బెవన్ ఎదురైతే టోపీ తీసి, వెళ్లమంటారా అని అడిగేవాణ్ణి" అన్నాడు. ఆల్ఫ్ టోపీ తీయగా వాళ్లావిడ కూడా చూసి ఉండదు! వీళ్లెవరూ జన్మలో బెవన్‌ను అడిగిన పాపాన పోలేదని నాకు తెలుసు. కానీ పరాయివాళ్ల చేలో అడక్కుండా నడిచామని పదిమందిలో ఒప్పుకోవడానికి నామోషీ. మనవాళ్ల సంగతి మీకు తెలియనిదా? ఒకడు మన కాలు తొక్కితే మనమే క్షమించమంటాం. అలా ఒకరి తర్వాత ఒకరు లేచి, మర్యాద కోసం బాటను చేజేతులా ఆ లాయరు చేతిలో పెడుతున్నారు. అధికారి కళ్లజోడు తీసి, "అడక్కుండా నడిచినవాళ్లు ఒక్కరూ లేరా?" అంది.

ఇక్కడిదాకా రాసి, లేచి వెళ్లి టీ పెట్టుకున్నాను అత్తయ్యా. తర్వాతది మీకు చెప్పకూడదనే అనుకున్నాను. కానీ మ్యూరియల్ కడుపులో మాట ఆగదు. ఆవిడ రాసేలోగా నేనే చెప్పడం మంచిది. కోపం వస్తే వచ్చింది.

నేను లేచి నిలబడ్డాను. "మా అత్తయ్య ఈనిడ్ ఆ బాటన ముప్పై ఏళ్లు నడిచింది. ఎవర్నీ అడగలేదు. ఆవిడ బుద్ధెరిగాక ఎవర్నీ ఏదీ అడగలేదు. నా పెళ్లైన వారానికే వంటింట్లోకొచ్చి గిన్నెలన్నీ తనకు నచ్చినట్టు సర్దేసింది. నేను కుట్టుకున్న కర్టెన్లు విప్పి, పొడుగైపోయాయని కురచ చేసి మళ్లీ తగిలించింది. మా పిల్లికి పేరు కూడా మార్చేసింది" అన్నాను.

లాయరు చిరునవ్వు నవ్వాడు. "బెవన్ గారు చూడకుండా వెళ్లి ఉంటారేమో?"

"చూడకుండానా? ఆయన వంటింటి కిటికీ ముందు నిలబడి, 'నీ కంచె గొడ్డు నమిలి ఉమ్మేసినట్టుంది, కత్తిరించుకోవయ్యా' అని కేకలేసేది. ఒకసారి ఆయన చేను ఆయన దున్నుకుంటే, 'బాట మీద దున్నావేం, నా బూట్లు ఎవడు తుడుస్తాడు?' అని ఆయన్నే దులిపేసింది. మర్నాడు పాపం ఆ పెద్దమనిషి స్వయంగా తొక్కి బాట చదును చేశాడు."

హాలంతా ఒకటే నవ్వు. అధికారి చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. అప్పుడు మ్యూరియల్ మొహం కందగడ్డలా చేసుకుని లేచింది. "నేనూ అడగలేదండీ. చెప్పుకోవడానికి సిగ్గేసి అలా అన్నాను" అంది. "నా టోపీ సంగతి కూడా కొట్టేయండి" అన్నాడు ఆల్ఫ్. ఇంకేముంది, నేను అడగలేదంటే నేను అడగలేదని పోటీలు పడ్డారు. లాయరు కూర్చున్నాడు.

నవ్విస్తూనే మొదలుపెట్టాను గాని, కర్టెన్ల దగ్గరికొచ్చేసరికి నాకే నవ్వు రాలేదు. ఆ కర్టెన్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. మీరు ఓల్వెన్ గారింటికి వెళ్లిపోయాక రెండు చలికాలాలుగా గిన్నెలు నేను పెట్టినచోటే ఉంటున్నాయి. మొదట్లో హాయిగా ఉండేది. ఇప్పుడు లేదు. మీ మీద నాకు ఇంత బెంగ ఉందని ఆ హాల్లో నిలబడేదాకా నాకే తెలియదు.

పోయిన గురువారం తీర్పు వచ్చింది. బాట ఊరిదే! గొలుసు తీసేశారు, బాట ఎటు పోతుందో చూపే కొత్త దారికొయ్య పాతారు. మర్నాడు పొద్దున్నే అందరం నడిచాం. వంతెన దగ్గర బురదలో ఆల్ఫ్ బూటు ఉండిపోయింది, మనిషి ముందుకెళ్లిపోయాడు. క్లైవ్ మోకాలు గుట్ట మీదిదాకా నోరెత్తలేదు. దారిలో కార్‌వెల్ ఎదురై, "ఈనిడ్ గారంటే ఎవరండీ? నా కంచె చూస్తే ఏమంటారో?" అన్నాడు. మనిషి చెడ్డవాడేం కాదు. పట్నంలో పెరిగాడు, అంతే.

ఇక మీ ఉత్తరంలో చివరి ప్రశ్న ఒకటి మిగిలింది. "మీకు ఇబ్బంది లేకపోతే మే నెలలో ఓ వారం రావచ్చునా?" అని రాశారు. ముందు అది మీ చేతిరాతేనా అని చూశాను. క్లైవ్‌కు చూపిస్తే, "అమ్మకు ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

ముప్పై ఏళ్లు ఎవర్నీ అడక్కుండా, అందరూ చూస్తుండగా ఈ ఇంట్లో తిరిగారు మీరు. ఇప్పుడు అడిగి వస్తే అది మా దయ అవుతుంది. దానికి నేను ఒప్పుకోను. కాబట్టి అత్తయ్యా, ఆ ప్రశ్నకు జవాబు రాయడం లేదు.

ఇట్లు,
మీ ఒక్కగానొక్క కోడలు,
థెల్మా